పలకరింపు – మన్నన

ఒక సీమవారు స్నేహశీలురు, మరొక సీమవారు మోటువారు అని మనము తేలికగా తీర్పు చెప్పుచుందుము. ఈ తీర్పు తరచుగా హృదయమును చూచి కాక, మాటతీరును విని చెప్పునదని నాకొక వేసవి ప్రయాణమున స్పష్టమైనది.

ధర్మపురి చెంతనున్న చెట్టికరైనుండి బయలుదేరి, తొందర లేక ఊరూర దిగుచు, సాధారణపు బస్సులలో కృష్ణగిరి, కుప్పము, పలమనేరు, చిత్తూరు, తిరుపతి, నెల్లూరు, గుంటూరు, విజయవాడల మీదుగా హైదరాబాదు చేరితిని. ఇట్టి ప్రయాణమున దారి అడుగుటయు, దాహము పుచ్చుకొనుటయు తప్పవు. అవియే నా పరిశీలనకు ఆధారములు.

కుప్పములో ఒక వృద్ధుడు "యాడికి పోవాలప్పా?" అని అడిగి, జరిగి నాకు చోటిచ్చెను. గుంటూరులో ఒక దుకాణదారు "ఎక్కడికి వెళ్లాలండీ? కాసేపు కూర్చోండి" అని, మంచినీళ్లిచ్చి, వీధి మలుపుదాక వచ్చి దారి చూపెను. హైదరాబాదు బస్సులో ప్రక్కనున్న యువకుడు "యాడికి బోతున్నవన్నా?" అని పలకరించి, తన డబ్బాలోని రొట్టెలలో సగము నా చేతిలో పెట్టెను. ఆదరణ ముగ్గురియందును ఒక్కటే. మాట మాత్రము వేరు.

దీనికి కారణము కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశమునకు సంపాదకులైన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలములుగా విభజించిరి. మధ్యమండలమైన కృష్ణా, గుంటూరు, గోదావరి సీమలలో 'అండి', 'గారు', 'మీరు' అనునవి మన్ననకు గుర్తులు. రాయలసీమలోను తెలంగాణమునందును ఆ పనిని చాలవరకు 'అన్నా', 'అప్పా', 'అక్కా' వంటి చుట్టరికపు పిలుపులే చేయును. ఒకచోట మన్నన యనగా కొంత ఎడముంచి గౌరవించుట. మరియొకచోట దగ్గరకు తీసికొనుట. కోయంబత్తూరు వైపు తమిళులు మాట చివర 'ంగ' చేర్చి గౌరవింతురు. మన ప్రాచీన కావ్యములలో రాజును సైతము 'నీవు' అనిరి. భగవంతుని నేటికిని 'నీవు' అనియే వేడుకొందుము.

ఈ ఎరుక నాకు ముందే కలిగియుండిన బాగుండెడిది. కొన్నేండ్ల క్రిందట మా బడిలో ఒక బాలుడు "సార్, నువ్వు నిన్న రాలేదే?" అని ప్రేమతో అడిగెను. ఇది మర్యాదయా యని అందరియెదుట మందలించితిని. ఆనాటినుండి వాడు నాతో తమిళమే మాట్లాడెను. తన యింటి తెలుగు తప్పుదని నేనే వానికి నేర్పితిని. తమిళనాట 2006 నాటి చట్టముతో ఒకటవ తరగతి మొదలు ఏటేట ఒక్కొక్క తరగతికి తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. తమిళము నేర్వవలసినదే, కాని బడిలో తెలుగునకు చోటు తగ్గినకొలది ఇంటి తెలుగే దానికి నిలువ నీడ. ఆ నీడను ఉపాధ్యాయుడే తొలగింపరాదు.

ఇప్పుడు పిల్లలు 'నువ్వు' అన్నచో ముందు ఆ ప్రశ్నకు బదులు చెప్పుదును. ఆ పిమ్మట, 'మీరు' అను మాట ఏ సీమలో ఎట్లు వాడుదురో బస్సులో విన్న మాటలతోనే వివరింతును. పిల్లలు నవ్వుచు ఆ మూడు పలకరింపులను మార్చి మార్చి పలుకుదురు. అవి పలుకునప్పుడు వారు తెలుగే మాట్లాడుచుందురు.