ఇంటిలోని పొగయు, గర్భవతియు

ఉక్కు కర్మాగారపు పొగగొట్టములను గూర్చియు, రేవునుండి యెగయు బొగ్గుధూళిని గూర్చియు మన విశాఖపట్టణవాసులు తరచుగా మొరపెట్టుకొందురు. న్యాయమే. కాని పడకగదిలో సిగరెట్టు వెలిగించినప్పుడు పుట్టు పొగను గూర్చి మొరపెట్టువారు అరుదు. ఆ గదిలో నున్న నిండు చూలాలు సహితము నోరు మెదపదు; మామగారి యెదుట, భర్త యెదుట ఏమని చెప్పగలదు?

పొగత్రాగని స్త్రీకి హాని యెట్లు కలుగును? చుట్టగాని సిగరెట్టుగాని కాలునప్పుడు రెండు పొగలు పుట్టును. త్రాగువాడు పీల్చి విడుచునది యొకటి. చేతిలో నూరక కాలుచుండగా కొననుండి లేచునది మరియొకటి. ఇంటివారు పీల్చు పొగలో అధికభాగ మీ రెండవదియే. అందు కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు కలదు. నెత్తురులోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువునకంటె దీనిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. తల్లి నెత్తురు మోయు ప్రాణవాయువు అంతమేరకు తగ్గును. గర్భస్థశిశువునకు వేరొక ఊపిరి లేదు గదా! నికొటిన్ కూడ మావిని దాటి శిశువును చేరును.

గర్భవతి యిట్టి పొగను పీల్చినచో బిడ్డ తూకము కొంత తగ్గునని 2006వ సంవత్సరమున అమెరికా సర్జన్ జనరల్ నివేదిక నిర్ధారించినది. కొలది గ్రాములే యని తేలికగా తీసివేయరాదు. రక్తహీనతగల తల్లికి బిడ్డ 2500 గ్రాముల హద్దున పుట్టునప్పుడు ఆ కొలదియే హద్దు క్రిందికి దింపవచ్చును.

మన ఉత్తరాంధ్ర తీరమున మరియొక విశేషము కలదు. జాలరిపల్లెలలో కొందరు ముసలమ్మలు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని చుట్ట కాల్చుదురు; దీనిని అడ్డపొగ యందురు. దానివలన అంగిలికి కలుగు వికారములను గూర్చి పిండ్‌బోర్గ్ మొదలగు వైద్యులు ఆంధ్రప్రదేశ్ గ్రామములలో 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రకటించిరి. కావున పొగ భర్తనుండియే వచ్చునను నియమము లేదు. కాన్పునకు పుట్టింటికి వచ్చిన కూతురికి ప్రేమతో అన్నము కలిపి పెట్టు తల్లియే దాని నిచ్చుచుండవచ్చును.

బహిరంగస్థలములలో ధూమపానమును 2003 నాటి చట్టము నిషేధించినది; 2008 అక్టోబరు 2 నుండి నియమములు మరింత కఠినమైనవి. ఇంటి గడపను ఆ చట్టము దాటదు.

కిటికీ తెరచిన చాలదా యని నా తరగతిలో నొక బాలుడు అడిగెను. చాలదు. గాలి పొగను పలుచన చేయునుగాని పూర్తిగా తీసివేయజాలదు. పంకా దానిని గదియంతట పంచును. ఆ బాలుని తల్లి యేడవ నెల గర్భవతి యని పిమ్మట తెలిసినది. తండ్రితో చెప్పుటకు జంకి, ఆనాటి పాఠము వ్రాసికొనిన పుస్తకమును ఆయన కుర్చీమీద తెరచి యుంచెనట. ఆయన ఇప్పుడు సిగరెట్టుపెట్టె పట్టుకొని వీధిచివరి రావిచెట్టు క్రిందికి పోవుచున్నాడు. వాన కురిసిన దినములలో ఏమి చేయుచున్నాడో నేనడుగలేదు.