గోడకు చెమ్మ, గుండెకు నెమ్ము

గోడలో ఊరే తేమనూ నెమ్ము అంటారు, పసివాడి ఊపిరితిత్తుల్లో చేరే జబ్బునూ నెమ్ము అంటారు తెలుగునాట. ఈ రెంటికీ గల సంబంధాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాల్లో స్పష్టంగా పేర్కొన్నది. చెమ్మ పట్టిన, బూజు పెరిగిన ఇళ్లలో నివసించేవారికి దగ్గు, ఆయాసం, ఉబ్బసం, శ్వాసకోశ వ్యాధులు అధికమని తేల్చింది. గాలిలో బూజు ఇంత మేరకు ఉన్నా ప్రమాదం లేదని చెప్పగల హద్దు ఏదీ లేదనీ, చెమ్మను అరికట్టడమే మార్గమనీ సూచించింది. కంటికి మచ్చలు కనబడుతున్న ఇంటికి వేరే పరీక్ష అక్కరలేదన్నమాట.

దేశంలో ఈ సమస్య తీవ్రత తెలియాలంటే ముంబయిని చూడాలి. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు లోపల 2,000 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది. ఉన్నవారు వానలకు ముందే మేడలపై నీలిరంగు ప్లాస్టిక్ పట్టాలు కప్పించుకుంటారు. మురికివాడల నుంచి తరలించిన పేదలకు కట్టిన బహుళ అంతస్తుల కాలనీల పరిస్థితి వేరు. లల్లూభాయ్ కాంపౌండ్, నట్వర్ పారేఖ్ కాంపౌండ్ వంటి చోట్ల భవనానికీ భవనానికీ నడుమ ఎడం సుమారు 3 మీటర్లే. కింది అంతస్తులకు ఎండా గాలీ సోకవు. ఈ కొరతకూ అక్కడి క్షయవ్యాధికీ సంబంధం ఉన్నదని ఐఐటీ బొంబాయి నిపుణులు పాల్గొన్న అధ్యయనం 2018లో వెల్లడించింది. క్షయకు కారణం బాక్టీరియా, బూజు కాదు. అయితే రెంటికీ అనువైన గది ఒకటే.

బూజుకూ క్షయకూ మరో ముడి కూడా ఉన్నది. ఆస్పర్‌జిల్లస్ అనే శిలీంధ్రం బయటి గాలిలోనూ ఉంటుంది గాని, చెమ్మగోడపై అది పెరిగితే ఇంట్లో దాని బీజాలు మరింత దట్టమవుతాయి. క్షయ నయమైన ఊపిరితిత్తుల్లో మిగిలే గుంతలు దానికి నెలవులవుతాయి. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి అదే శిలీంధ్రం తీవ్రమైన ఎలర్జీ వ్యాధిని కలిగిస్తుంది. దేశంలో దాదాపు 13.8 లక్షల మంది పెద్దలకు ఈ వ్యాధి ఉండవచ్చునని చండీగఢ్ పీజీఐ వైద్యులు పాల్గొన్న పరిశోధన 2014లో అంచనా కట్టింది. ఇది అంచనాయే గాని తలలు లెక్కించినది కాదు. ఈ రోగులకు ఎక్స్‌రేలో కనిపించే మచ్చలను చూసి క్షయ మందులు వాడించడం మన దేశంలో తరచు జరిగే పొరపాటు.

ఇక ఖర్చు సంగతి. పండుగకు రంగు వేయిస్తారు, మళ్లీ శ్రావణానికి అదే మూలలో అవే నల్లమచ్చలు. లోపం రంగుది కాదు, గోడలోని నీటిది. స్లాబు పగుళ్లో, పై అంతస్తు స్నానాల గది గొట్టమో, పునాది నుంచి పైకి పాకే తేమో మూలకారణమై ఉంటుంది. దానిని సరిచేయకుండా పైపూతకు పెట్టిన ప్రతి రూపాయీ వృథాయే. ఇల్లాలి శుభ్రతను తప్పుపట్టే బంధువులు ఈ విషయం గ్రహించరు. వానాకాలంలో గదిలోనే బట్టలు ఆరవేయడం, కిటికీలు మూసి వంట చేయడం చెమ్మను పెంచుతాయన్నది నిజమే గాని, కారే స్లాబు ముందు అవి స్వల్ప కారణాలు.

గోడపై తెల్లగా రాలే పొడి అంతా బూజు కాదు. నీటిలో కరిగిపోతే అది ఇటుకలోంచి వచ్చిన ఉప్పు. బూజు కరగదు. కొద్దిమేర ఉన్న బూజును ముక్కుకు మాస్కు కట్టుకుని, కిటికీలు తెరచి, సబ్బునీటితో రుద్ది కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. చచ్చిన బూజు కూడా ఎలర్జీ కలిగిస్తుంది కనుక చంపితే చాలదు, తొలగించాలి. బ్లీచింగ్‌ను మరుగుదొడ్డి యాసిడ్‌తో కలిపితే విషవాయువు వెలువడుతుంది. ఉబ్బసం ఉన్నవారిని, పిల్లలను ఆ సమయంలో గదిలో ఉంచరాదు.

ఈ భారం ఎవరు మోయాలన్నది చట్టం కొంతవరకు చెప్పింది. తడి, ఉక్క వాతావరణం గల ప్రాంతాల్లో గది వైశాల్యంలో ఆరోవంతు మేరకు కిటికీలు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి నిర్దేశిస్తున్నది. అద్దె ఇళ్ల విషయంలో 2021 నమూనా చట్టం నిర్మాణపరమైన మరమ్మతులను యజమానికే అప్పగించింది. ఆయన చేయించకపోతే అద్దెదారే చేయించి, నెలకు సగం అద్దెకు మించకుండా మినహాయించుకోవచ్చు. కాగా, రాష్ట్రం స్వీకరించనిదే అది అమలు కాదు. కొన్న ఇంటికి 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం అండగా ఉన్నది. స్వాధీనం చేసిన 5 ఏళ్లలోగా నిర్మాణ లోపం బయటపడి ఫిర్యాదు అందితే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఆరో వానాకాలంలో తొలిసారి కనబడిన చెమ్మకు ఆ గడువు వర్తించదు.