ఇంజను శక్తి – ఇరుసు సత్తువ

నిలిచి ఉన్న కారు తిన్నని బాటపై పావు మైలు, అంటే సుమారు 402 మీటర్ల దూరాన్ని అతి తక్కువ కాలంలో దాటడమే డ్రాగ్ రేసింగ్. అమెరికాలో ఈ క్రీడ నిర్వహణకు 1951లో ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. పాత కారులోని చిన్న ఇంజనును తొలగించి, శక్తిమంతమైన వి-8 ఇంజనును అమర్చడం అక్కడి ఔత్సాహికులకు పరిపాటి.

అయితే ఇంజను మార్పుతోనే పని ముగియదు. ఇంజను పుట్టించే తిప్పుబలాన్ని టార్క్ అంటారు. అది క్లచ్, గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియల్, ఇరుసుల మీదుగా చక్రాలను చేరుతుంది. మార్గమధ్యంలో గేర్లు దానిని హెచ్చిస్తాయి. ఉదాహరణకు, ఇంజను టార్క్ 400 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 2.5, డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అనుకుందాం. ఘర్షణ నష్టాలను విడిచిపెడితే ఇరుసులపై పడే టార్క్ 4,000 న్యూటన్ మీటర్లు. పందెపు టైర్లకు పట్టు ఎక్కువ. అవి జారవు కనుక ఆ తాకిడినంతటినీ గేర్లు, ఇరుసులే భరించాలి. వాటిలో బలహీనమైనది ముందుగా విరుగుతుంది.

ఆ విరుగుడు ప్రాణాంతకం కావచ్చు. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలో డాన్ గార్లిట్స్ కారు బయలుదేరుతుండగానే గేర్‌బాక్సు పేలింది. ఆయన కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. ఆయన కుంగిపోక, ఇంజనును తన వెనుకకు మార్చి కొత్త కారును నిర్మించాడు. 1971లో దానితో విజయాలు సాధించాడు. అనంతరం ఆ తరగతి కార్లన్నిటికీ అదే ఒరవడి అయింది.

శక్తిని పెంచడం కన్నా, పెంచిన శక్తిని భరించే సత్తువను ముందుగా సమకూర్చడమే నిర్మాణంలో వివేకం.