వయ్యారిభామ – మాచిపత్రి: పేరు చెప్పనిది, ఆకు చెప్పేది

ప్రవేశిక

వినాయక చవితినాటి ఏకవింశతి పత్రపూజలో మొదట పేర్కొనేది మాచీపత్రం. లాలాపేట నుంచి నాచారం వైపు సాగే దారుల్లో, ఖాళీ స్థలాల్లో, రైలు పట్టాల అంచుల్లో భాద్రపదం నాటికి ఏపుగా పెరిగి కనిపించేది మాత్రం వయ్యారిభామ. రెండింటి ఆకులూ లోతుగా చీలి ఉంటాయి. రెండూ చామంతి, పొద్దుతిరుగుడు చేరిన ఆస్టరేసి కుటుంబానికి చెందినవే. పూత రాని లేతదశలో ఒకదాన్ని మరొకటిగా పొరబడటానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. పత్రి కోసుకురమ్మని పిల్లలను పంపే ఇళ్ళలో ఈ పొరపాటు పూజాలోపంతో ఆగిపోదు. వయ్యారిభామను తాకడం వల్ల కొందరికి తీవ్రమైన చర్మశోథ కలుగుతుంది. ఈ మొక్కను పోల్చుకోవడానికి దాని వాడుక పేర్లు ఎంతవరకు తోడ్పడతాయో, తోడ్పడని చోట దేన్ని చూడాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్ల పరిశీలన

దీని శాస్త్రనామం పార్థీనియం హిస్టెరోఫోరస్. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరిది. మొక్క స్వస్థలం ఉష్ణమండల అమెరికా. హిందీలో 'గాజర్ ఘాస్', మరాఠీలో 'గాజర్ గవత్' అనే పేర్లు ఆకును చూసి పెట్టినవి. క్యారెట్ ఆకు ఎరిగినవారికి అక్కడే సగం గుర్తు దొరుకుతుంది. తెలుగువారి 'వయ్యారిభామ' గాలికి మొక్క ఊగే తీరును పట్టుకున్నదని ఊహించవచ్చు. అందులో అందం ఉంది, ఆనవాలు లేదు. (హానికరమైన మొక్కకు స్త్రీవాచకం పెట్టడం వేరే చర్చ.)

'కాంగ్రెస్ గడ్డి' అనే పేరుకు రెండు వివరణలు ప్రచారంలో ఉన్నాయి. తెల్లని పూగుత్తులు కాంగ్రెస్ టోపీలను తలపిస్తాయన్నది ఒకటి. కాంగ్రెస్ ప్రభుత్వం పి.ఎల్. 480 కింద తెప్పించిన గోధుమలతో ఈ మొక్క వచ్చిందన్నది మరొకటి. రెండోదాన్ని ఉన్నదున్నట్టు స్వీకరించలేము. భారతదేశంతో ఆ ఒప్పందం కుదిరింది 1956 ఆగస్టులో. పుణెలో ఈ మొక్కను 1955 నాటికే గమనించారు. అంతకన్నా ముఖ్యంగా, 1814లో వెలువడిన రాక్స్‌బరో 'హోర్టస్ బెంగాలెన్సిస్'లోనే దీని పేరు ఉంది. ధాన్యపు దిగుమతులు దీని వ్యాప్తికి దోహదం చేసి ఉండవచ్చు గాని, తొలి రాకకు అవే కారణమనలేము. ఇక 'గడ్డి' అన్న మాట మరింత తప్పుదారి పట్టిస్తుంది. ఇది గడ్డి కుటుంబపు మొక్క కాదు, మేతకూ పనికిరాదు. తిన్న పశువుల పాలు చేదెక్కుతాయి.

ఆకృతిని బట్టి గుర్తింపు

మొలకెత్తిన కొత్తలో ఆకులన్నీ నేలను అంటుకొని పళ్ళెంలా పరచుకుంటాయి. పొరపాటుకు ఎక్కువ ఆస్కారమున్న దశ ఇదే. తరువాత కాండం నిటారుగా లేచి, పైభాగాన విరివిగా కొమ్మలు వేస్తుంది. కాండం పొడవునా గాళ్ళు, సన్నని నూగు ఉంటాయి. ఎత్తు సాధారణంగా మీటరు వరకు, అనుకూలమైన నేలలో రెండు మీటర్ల వరకు ఉంటుంది. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లోనే పూత మొదలవుతుంది.

పూతకొచ్చిన మొక్క విషయంలో సందేహం ఉండదు. మనం ఒక్క పువ్వనుకునేది నిజానికి కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉండే పుష్పశీర్షం. దాని అంచున ఐదు చిన్న కిరణ పుష్పకాలు ఉండటంతో శీర్షం ఐదు మూలలుగా కనిపిస్తుంది. ఆ ఐదింటికే విత్తనాలు కడతాయి. మధ్యనున్నవి పుప్పొడినిచ్చేవి మాత్రమే. శీర్షానికి ఐదు గింజలంటే స్వల్పమనిపిస్తుంది గాని, బాగా ఎదిగిన ఒక్క మొక్క పదిహేను వేలకు మించి విత్తనాలను రాల్చగలదు.

మాచిపత్రి ఆర్టెమీసియా ప్రజాతికి చెందినది. దవనం దానికి దగ్గరి బంధువు. మాచిపత్రి ఆకు పైవైపు పచ్చగా, అడుగువైపు తెల్లని నూగుతో ఉంటుంది. వయ్యారిభామ ఆకుకు ఈ రంగుల తేడా లేదు; రెండువైపులా పొట్టి నూగుతో లేత పచ్చగానే ఉంటుంది. మాచిపత్రి పుష్పశీర్షాలకు తెల్లని కిరణ పుష్పకాలు ఉండవు. నలిపితే ఘాటైన సువాసన రావడం మాచిపత్రికి ప్రసిద్ధ లక్షణమే అయినా, తెలియని ఆకును నలిపి పరీక్షించడం ఇక్కడ మంచిది కాదు. చర్మానికి హాని చేసే పార్థీనిన్ అనే రసాయనం వయ్యారిభామ ఆకుల మీది నూగులోనే ఉంటుంది. కాబట్టి ముందు చేతికి తొడుగు వేసుకొని ఆకును తిరగేసి చూడాలి. అడుగున తెలుపు లేకపోతే వాసన దాకా వెళ్ళనక్కరలేదు.

జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంచాలకాలయం ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు పార్థీనియం అవగాహన వారం నిర్వహిస్తుంది. అది సాధారణంగా చవితికి కొద్ది రోజులో, కొన్ని వారాలో ముందు వస్తుంది. కళాశాలల్లో ఆ వారం మొక్కలు పీకించేటప్పుడు, పూత రానివాటినే ఎంచి, ఒక మాచిపత్రి రెమ్మను పక్కన పెట్టి రెండింటి అడుగుభాగాలనూ విద్యార్థులకు చూపించవచ్చు.