ఇంటిపనిలో మన వాటా

ఇంటిపనుల వల్ల పిల్లలకు కలిగే మేలు ఏమిటని అడిగితే క్రమశిక్షణ, సమయపాలన, ఆత్మవిశ్వాసం అని మూడు మాటలు గడగడా వచ్చేస్తాయి. అసెంబ్లీలో ఎన్నోసార్లు విన్నవే. అవి నిజమే. కానీ బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మనకు ఇంటిపనితో ఇంకో అవసరం కూడా ఉంది. సొంత ఊళ్లో ఉండేవాళ్ల ఇంట్లో అమ్మకు జ్వరం వస్తే అమ్మమ్మో, పిన్నో, పక్కింటి అత్తయ్యగారో వచ్చి అన్నం వండి పెడతారు. జోధ్‌పూర్‌లోనో జోర్హాట్‌లోనో క్వార్టర్స్‌లో దిగిన మొదటి నెలలో అలా వచ్చేవాళ్లు ఎవరుంటారు? నాన్నకు కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేని చోట పోస్టింగ్ వస్తే ఇంట్లో పెద్దవాళ్లు అమ్మ ఒక్కరే. అప్పుడు ఆ ఇంట్లో రెండో మనిషి మనమే.

సాయం చేయడం వేరు, ఒక పనిని మనదిగా తీసుకోవడం వేరు. ఉదాహరణకు తాగే నీళ్లు. అమ్మ చెప్పినప్పుడు లేచి సీసాలు నింపడం సాయం. ఆ పని మనదే అయితే కుళాయి ఎన్నింటికి వస్తుందో మనకు తెలిసి ఉండాలి. ఫిల్టర్‌లో నీళ్లు సన్నగా పడుతుంటే క్యాండిల్ తీసి కడగాలని మనకే తోచాలి. రేపు నీళ్లు రావని కాలనీలో చెబితే ఇవాళే రెండు బిందెలు ఎక్కువ పట్టి పెట్టాలి. ఇంటిపనిలో కంటికి కనబడేది చేతులతో చేసేది. గుర్తుపెట్టుకోవడం అనే సగం ఎవరికీ కనబడదు, అది అమ్మ తలలోనే ఉంటుంది. "ఏం చేయమంటావు?" అని ప్రతిసారీ అడిగితే ఆలోచించే పని మళ్లీ అమ్మదే అవుతుంది. (ఈ మాట కొందరు నాన్నలకూ వర్తిస్తుంది. పత్రికను ఇంటికి తీసుకెళ్లి ఈ పేజీ తెరిచి బల్ల మీద పెట్టవచ్చు.)

అందుకని పది పనుల్లో వేలు పెట్టడం కన్నా ఒక్క పనిని మొదటి నుంచి చివరి దాకా తీసుకోవడం మంచిది. బట్టలంటే ఆరేయడంతో అయిపోదు. వాన పడితే తీయడం, మడతపెట్టడం, ఎవరి అరలో వాళ్లవి సర్దడం అన్నీ కలిపి ఒక పని.

ఆ పని ఎవరికి అప్పజెబుతున్నామో కూడా చూసుకోవాలి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్లు నిండిన ఆడవాళ్లలో 81.2 శాతం మంది తమ ఇంటి కోసం జీతం లేని పని రోజూ చేస్తుంటే, మగవాళ్లలో చేసేది 26.1 శాతమే. చేసేవాళ్లలో కూడా ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు చేస్తే మగవాళ్లు 97 నిమిషాలు. అంటే అయిదు గంటలకూ గంటన్నరకూ ఉన్నంత తేడా. చెల్లి చేతికి చీపురు, అన్న చేతికి బ్యాట్ ఇచ్చే ఇంట్లోనే ఈ లెక్క మొదలవుతుంది.

ఊరు మారితే పని కూడా మారుతుంది, మనలాంటివాళ్లకు దొరికే అదృష్టం ఇది. లేహ్ సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో కళపెళా ఉడుకుతున్నట్టే ఉంటుంది, పప్పు మాత్రం పలుకుగానే ఉంటుంది. కుక్కర్ ఆవిరిని పట్టి ఉంచి లోపల ఒత్తిడి పెంచుతుంది కనుక పని జరుగుతుంది. రాజస్థాన్‌లో చాలాచోట్ల బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు నురగ రాదు, బకెట్ అంచున తెల్లగా పొర కడుతుంది, కందిపప్పు ఎక్కువసేపు నానబెట్టాల్సి వస్తుంది. పదో తరగతి సైన్స్‌లో హార్డ్ వాటర్ గురించి చదివేటప్పుడు, బట్టలు ఉతికినవాళ్లకు ఆ పాఠం సగం ముందే వచ్చేసి ఉంటుంది.

కూలర్ సంగతీ అంతే. జైపూర్ ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్‌లోని నీళ్లు త్వరగా ఆవిరై గది చల్లబడుతుంది. అదే కూలర్‌ను విశాఖపట్నం తీసుకెళితే, అసలే తేమ గాలి కనుక, గదంతా చెమ్మ తప్ప చల్లదనం ఉండదు. కూలర్ మీ పని అయితే ఒకటి గుర్తుంచుకోండి. నీళ్లు మార్చినంత మాత్రాన చాలదు. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని ఉంటాయి. వారానికోసారి పూర్తిగా ఖాళీ చేసి, లోపలి గోడలు గట్టిగా రుద్ది, ఆరబెట్టాలి.

పదేళ్లలోపు వాళ్లు పెద్దవాళ్లు పక్కన లేకుండా పొయ్యి, ఇస్త్రీపెట్టె, బాత్రూమ్ యాసిడ్ జోలికి వెళ్లకూడదు. పరీక్షల వారంలో ఎవరికైనా పని తగ్గించవచ్చు. పరీక్షల పేరు చెప్పి ఏడాదంతా తప్పించుకునేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లను వాళ్ల అమ్మలకే వదిలేద్దాం.

ఇక అసలైన ఇంటిపని బదిలీ ఆర్డర్ వచ్చాక మొదలవుతుంది. బదిలీ గురించి మనల్ని ఎవరూ అడగరు. స్నేహితులు, సైకిల్ తొక్కిన రోడ్డు, క్లాసులో మన బెంచీ అన్నీ వదిలి వెళ్లాల్సిందే. సామాన్లు సర్దడంలో మాత్రం మనకు చోటుంది. ప్రతి అట్టపెట్టెకూ రెండు పక్కల నంబరు వేసి, ఏ నంబరులో ఏముందో ఒక నోటుపుస్తకంలో రాయడం ఏడో తరగతి పిల్లలు చక్కగా చేయగలరు. ఒక పెట్టె విడిగా ఉంచుకోవాలి. అందులో చిన్న కుక్కర్, రెండు గిన్నెలు, కంచాలు, లైటర్, నాలుగు రోజుల బియ్యం, పప్పు, ఉప్పు, ఊరగాయ, దోమతెర, ఒక బల్బు, టార్చి. లారీలో అది అన్నిటికన్నా చివర ఎక్కాలి, అప్పుడే ముందు దిగుతుంది. గ్యాస్ ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు తిరిగి ఇచ్చేస్తే టర్మినేషన్ వోచర్ ఇస్తారు, కొత్త ఊళ్లో కనెక్షన్‌కు అది చూపించాలి. ఆ కాగితం ఏ ఫైల్లో ఉందో పెద్దవాళ్లతో పాటు ఇంకొకరికి తెలిసి ఉండటం మంచిది. కొత్త క్వార్టర్లో అమ్మ "పోపుల డబ్బా ఎక్కడుందిరా?" అన్నప్పుడు "పద్నాలుగో పెట్టె" అని చెప్పగలిగితే, గోడలు ఇంకా కొత్తగానే ఉన్నా ఆ ఇల్లు కాస్త మనది అవుతుంది.

కూరగాయలు తేవడం కూడా మీరే అడిగి తీసుకోండి. సొరకాయ ఢిల్లీలో లౌకీ, కోల్‌కతాలో లావు, పుణేలో దూధీ. కొత్త భాష ముందుగా వచ్చేది సంతలోనే. ఇక తెలుగు మన వంటింట్లో ఉంది. తెలుగు చదువు లేని ఊళ్లలో పెరిగే మనకు ఎసరు, తోడు, కవ్వం, చల్ల వంటి మాటలు పొయ్యి దగ్గర నిలబడితే తప్ప చెవిన పడవు. ఆ సొరకాయనే కోస్తాలో చాలామంది ఆనపకాయ అంటారు. ఆవాలు చిటపటలాడించే పనికి పోపు, తాలింపు, తిరగమోత అని మూడు పేర్లున్నాయి. మీ ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో ఈ ఆదివారం గరిటె పట్టుకున్నప్పుడు అమ్మనో అమ్మమ్మనో అడగండి.