ఇన్‌బాక్సుకు వచ్చే చందా పత్రిక

ఈమెయిల్ వార్తాలేఖ అంటే, చదవాలని తామే కోరి పేరు నమోదు చేసుకున్నవారికి ఒక నిర్ణీత వ్యవధిలో ఈమెయిల్‌లో అందే చిన్న పత్రిక. దీన్ని కొత్త వింతగా చెప్పుకోవడం పరిపాటి అయినా, ఇందులో సాంకేతికత ఒక్కటే కొత్తది. సంపాదకుడికీ చందాదారుకూ మధ్య ఉండే సంబంధాన్ని గోదావరి తీరం నూటయాభై ఏళ్లుగా ఎరుగును. ఆ సంబంధాన్ని అర్థం చేసుకోకుండా సాఫ్ట్‌వేర్ ఎంపికతో పని మొదలుపెట్టడం వల్లనే చాలా లేఖలు నాలుగైదు సంచికలతో ఆగిపోతున్నాయి.

1874 అక్టోబరులో కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని'ని మాసపత్రికగా ఆరంభించినప్పుడు సొంత ముద్రణాలయం లేక మద్రాసులో అచ్చువేయించవలసి వచ్చింది. రాజమహేంద్రవరంలో అచ్చుకూటం ఏర్పడింది ఆ తరువాతనే. ఆ పత్రికకు పలుకుబడి తెచ్చింది పాండిత్య ప్రకర్ష కాదు. స్థానిక కచేరీల్లో సాగే లంచగొండితనాన్ని, ఆడపిల్లల చదువుకు అడ్డుపడే ఆచారాలను, సామాన్యులకు అందే వచనంలో, పాఠకులకు తెలిసిన మనుషులే గుర్తుకొచ్చేటట్లు రాయడం వల్ల మెచ్చేవారూ మండిపడేవారూ కూడా తరువాతి సంచిక కోసం చూశారు. 1878లో 'రాజశేఖర చరిత్రము' అందులోనే ధారావాహికగా వెలువడటంతో, సంచిక తరువాత సంచిక చదవడానికి మరో కారణం దొరికింది. ఇప్పటి నిపుణులు చందాదారులను నిలుపుకొనే మార్గాలంటూ బోధించేవాటిలో, స్థానికతకూ కొనసాగింపుకూ మించినవి నిజానికి పెద్దగా లేవు.

తణుకు వంటి ఊరికి ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది. చుట్టూ వరి, చెరకు, కొబ్బరి, కోళ్ల పరిశ్రమ. 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ నెలకొల్పిన ఆంధ్రా షుగర్స్ తరువాత పెరిగిన పరిశ్రమలు. వాటితోపాటు హైదరాబాదు, బెంగళూరు, అమెరికాలకు వెళ్లి స్థిరపడి, పొలాన్నో ఇంటినో ఇక్కడే ఉంచుకున్న కుటుంబాలు. కోడిగుడ్డు ధరను జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ పశ్చిమగోదావరికి విడిగా రోజూ ప్రకటిస్తుంది, అది నిమిషాల్లో వాట్సాప్‌లో తిరుగుతుంది; కాబట్టి ఆ అంకెను మళ్లీ పంపే లేఖకు విలువ లేదు. ధర ఎందుకు పడింది, వేసవిలో కట్టేసిన కాలువలకు నీరు ఎప్పుడు వదులుతారు, దాళ్వాకు, అంటే రబీ వరికి, నీటి వంతులు ఎలా ఉండబోతున్నాయి, కౌలు పత్రం లేని రైతుకు పంట నష్టం వస్తే ఏమవుతుంది అన్నవాటిని వారానికొకసారి స్థిమితంగా విప్పిచెప్పే మనిషికి మాత్రం డాలస్‌లోనూ, తణుకు పక్కనున్న దువ్వలోనూ పాఠకులు ఉంటారు. ఎవరికోసం రాస్తున్నామో ఒక్క వాక్యంలో చెప్పలేని లేఖను మొదలుపెట్టకపోవడమే మేలు.

వాట్సాప్ ఉండగా ఈమెయిల్ ఎందుకన్న ప్రశ్న సహజమైనదే. వాట్సాప్ ప్రసార జాబితాలో 256 మందికి మించి చేర్చడానికి వీలుండదు, పైగా పంపేవారి నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. గుంపులో అయితే 1,024 మంది పరిమితితోపాటు, శుభోదయాల వరదలో మంచి వ్యాసం కూడా మధ్యాహ్నానికి మునిగిపోతుంది. ఈమెయిల్ ఏ ఒక్క కంపెనీకీ చెందని ఉమ్మడి పద్ధతి మీద నడుస్తుంది గనుక, పంపే సంస్థ నచ్చకపోతే చందాదారుల చిట్టాను ఒక ఫైలుగా తీసుకుని మరో సంస్థకు మారవచ్చు. ఆ చిట్టాయే వార్తాలేఖకు ఉన్న ఏకైక ఆస్తి. మిగిలినదంతా అద్దె సామానే.

ఆస్తి కాబట్టి సంపాదించే తీరు ముఖ్యం. చిరునామాల జాబితాలను కొనడం, పెళ్లి పిలుపుల చిట్టాలోంచో కళాశాల పూర్వవిద్యార్థుల పట్టికలోంచో ఎత్తుకోవడం తప్పు మాత్రమే కాదు, నష్టం కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, దేనికోసమో తెలిసి ఇచ్చినదై ఉండాలి, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలి. ఆ సమాచారాన్ని ఇంగ్లిషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు కల్పించాలి, వాటిలో తెలుగు ఒకటి. పేరు ఇచ్చినవారికి ముందుగా ఒక ధ్రువీకరణ లేఖ పంపి, అందులోని లంకెను నొక్కినవారినే చేర్చుకునే పద్ధతి వల్ల సంఖ్య కొంత తగ్గినా చిట్టా శుభ్రంగా ఉంటుంది. ఊళ్లోకి బంధువర్గమంతా దిగే సంక్రాంతి మూడు రోజుల్లో, గ్రంథాలయంలోనో పుస్తక సభలోనో ముఖాముఖి అడిగి రాయించుకున్న యాభై పేర్లు ఫేస్‌బుక్ ప్రకటనలతో వచ్చే వేయి పేర్ల కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి.

తణుకు పక్కన మండపాకలో పుట్టిన దేవరకొండ బాలగంగాధర తిలక్ తపాలా బంట్రోతు మీద కవిత రాశారు. ఈమెయిల్‌కు అటువంటి మనిషి లేడు. అతని స్థానంలో లేఖను లోపలికి రానివ్వాలో వద్దో నిర్ణయించే యంత్రం ఉంది. అక్కర్లేని టపా, అంటే స్పామ్, ఎంత పెరిగిందంటే గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుంచి పెద్దయెత్తున పంపేవారికి నిబంధనలు బిగించాయి. వీటిలో మూడు పేర్లు తెలిసి ఉండాలి: పంపేవారి డొమైన్ పేరు మీద ఏయే సర్వర్లు లేఖలు పంపవచ్చో ప్రకటించేది ఎస్‌పీఎఫ్, దారిలో ఎవరూ మార్చలేదని రుజువుచేసే డిజిటల్ సంతకం డీకిమ్, ఈ రెండు పరీక్షలూ తప్పిన లేఖను ఏం చేయాలో చెప్పేది డీమార్క్. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా లేఖలు పంపేవారికి ఇవన్నీ, ఒక్క నొక్కుతో చందా మానుకునే ఏర్పాటుతో సహా, తప్పనిసరి. ఫిర్యాదులు వెయ్యికి మూడు దాటకూడదు. చిన్న లేఖ ఆ 5,000 సంఖ్యకు దూరంగా ఉన్నా మొదటి రోజే ఇవి అమర్చుకోవడం మంచిది. మానుకునే దారిని దాచిపెడితే, విసిగిన పాఠకుడు స్పామ్ బొత్తాం నొక్కుతాడు, ఆ దెబ్బ మిగిలిన చందాదారులకు వెళ్లే లేఖల మీద పడుతుంది.

తెలుగులో రాసేవారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. యూనికోడ్‌ను నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరం ఒక బైటు తీసుకుంటే తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. 'స్త్రీ' అనే ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలు, అంటే పద్దెనిమిది బైట్లు. దాదాపు 102 కిలోబైట్లు దాటిన లేఖను జీమెయిల్ మధ్యలోనే కత్తిరించి, మిగతాది చూడటానికి మరో లంకె పెడుతుంది. వ్యాసం ఒక్కటే అయితే ఈ హద్దులో హాయిగా ఇముడుతుంది గానీ, వర్డ్ ఫైలు నుంచి అతికించినప్పుడు వెంట వచ్చే కనపడని అలంకరణ సంకేతాలు, రంగుల పట్టీలు తోడైతే చివరి పేరాలూ, చందా మానుకునే లంకె కూడా కనబడకుండా పోతాయి. సాదా అమరికే ఉత్తమం. చిత్రంగా మార్చిన తెలుగును వెతకడానికి వీలుండదు, కనుక దాని జోలికి పోకూడదు.

ఎంతమంది తెరిచారన్న లెక్క, ఓపెన్ రేట్, లేఖలో దాచిన అతి చిన్న బొమ్మ పాఠకుడి పరికరంలోకి దిగడం మీద ఆధారపడుతుంది. 2021లో యాపిల్ తన మెయిల్‌లో బొమ్మలను ముందుగానే దింపే ఏర్పాటు తెచ్చాక, చదవనివారు కూడా చదివినట్టే లెక్కకు వస్తున్నారు. అందువల్ల వచ్చిన జవాబులనే లెక్కపెట్టుకోవాలి. జవాబిచ్చే పాఠకుడే మరొకరికి పంపుతాడు, వృద్ధి ప్రధానంగా ఆ దారినే వస్తుంది.

డబ్బు విషయంలో కాశీనాథుని నాగేశ్వరరావు ఉదాహరణ చాలినంత స్పష్టంగా ఉంది. 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించి, దాని బలంతో 1908లో అక్కడే 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసులో అది దినపత్రిక అయింది. పత్రికకు మొదటి సంచిక నుంచే చందాలు తిండిపెడతాయని ఆయన అనుకోలేదు. ఈమెయిల్ లేఖకు అచ్చు ఖర్చు లేదు గనుక తట్టుకోవలసినది రాసేవారి సమయాన్ని మాత్రమే. దానికి తొలి ఏడాది వేరే ఆదాయం ఆసరాగా ఉండాలి, ఆ తరువాత యూపీఐలో వార్షిక చందా అడగవచ్చు, లేదా ఊరి వ్యాపారి ఒకరి ప్రకటనను అది ప్రకటనేనని పైన స్పష్టంగా రాసి వేసుకోవచ్చు.

తణుకులో ఇటువంటి లేఖ తేదలచినవారు ముందు నాలుగు సంచికలు పూర్తిగా రాసి దగ్గర పెట్టుకుని, వారంలో ఏ రోజు, ఏ పూట పంపేదీ ఖాయం చేసుకుని, సార్వాకు, అంటే ఖరీఫ్ పంటకు, కాలువలు వదిలేలోగా మొదటిది పంపాలి.