అయ్యగారు ఒక్కరే కాదు
గోల్డ్‌ఫీల్డ్స్ గుళ్లను నడిపించే పెద్దలు వీళ్లు

కేజీఎఫ్: ఆదివారం పొద్దున గంట మోగగానే తెల్లంగీ తొడుక్కుని బల్ల ముందు నిలబడే అయ్యగారిని అందరూ గుర్తుపడతారు. గుడి బయట బోర్డు మీద ఉండే పేరూ ఆయనదే. కానీ బాప్తిస్మపు చీటీ కోసమో, చావు కబురు చెప్పడానికో పరుగెత్తుకెళ్లినవాళ్లకు మొదట ఎదురయ్యేది ఆయన కాకపోవచ్చు. సంఘాన్ని చూసుకునే బృందంలో అయ్యగారు ఒకరు, అంతే.

పెద్ద అంటే ఎవరు?

సీఎస్ఐ గుళ్లలో అయ్యగారి హోదా పేరు ప్రెస్బిటర్. మాట గ్రీకుది. అర్థం మాత్రం మనకు బాగా తెలిసిందే: పెద్ద. స్కాట్లాండులో వేళ్లూనిన ప్రెస్బిటేరియన్ సంఘాలకు ఆ పేరు దీన్నుంచే వచ్చింది. వాళ్లలో బిషప్ ఉండడు. వాక్యం చెప్పే పెద్ద పాస్టరు. ఆయనతో సమానంగా కూర్చుని లెక్కలు, తగువులు చూసేవాళ్లు సంఘం ఎన్నుకున్న పెద్దలు. రచ్చబండ మీద పంచాయితీ చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

ఈ పద్ధతి సరిహద్దు తెలుగు ఊళ్లకు వచ్చింది మదనపల్లె దారిలో. అక్కడ పనిచేసిన అర్కాటు మిషన్ అమెరికా రిఫార్మ్‌డ్ సంఘానిది. ప్రెస్బిటేరియన్లకు అన్నదమ్ముల వరస. 1863లో మదనపల్లెలో కాపురం పెట్టిన డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ మందులిచ్చాడు, తెలుగు నేర్చాడు, 1908లో అక్కడే కన్నుమూశాడు. 1901లో అర్కాటు మిషన్ సంఘాలు, మద్రాసులోని స్కాట్లాండు మిషన్ సంఘాలు ఒకటయ్యాయి. 1908లో కాంగ్రిగేషనల్ వాళ్లు కలిశారు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, బ్రిటిష్ మెథడిస్టులు కూడా చేరి సీఎస్ఐ ఏర్పడింది. ఆంగ్లికన్ల నుంచి బిషప్ వచ్చాడు. సభకు 'సినాడ్' అని, దాని అధ్యక్షుడికి 'మోడరేటర్' అని పేర్లు ప్రెస్బిటేరియన్ల వాడుకలోవి.

గోల్డ్‌ఫీల్డ్స్‌లో అన్నీ ఈ తోవలో వచ్చినవి కావు. ఊరుగాంలోని సెయింట్ మైకేల్ గుడి ఆంగ్లికన్లు కట్టుకున్నది. చాంపియన్ రీఫ్‌లోని విక్టరీ మాత గుడి కేథలిక్కులది. కోలారు టౌనులో 1910లో మొదలైన ఈటీసీఎం ఆసుపత్రి అమెరికన్ మెథడిస్టులది, వాళ్లు 1947 కలయికలో చేరనే లేదు.

ఎవరి పని ఏమిటి?

ప్రెస్బిటర్ కావాలంటే వేదాంత కాలేజీలో చదవాలి. దగ్గరలో పేరున్నది బెంగళూరులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీ. 1910లో అర్కాటు, స్కాట్లాండు మిషన్లు కూడా చెయ్యి వేసి పెట్టిన కాలేజీ అది. చదువయ్యాక ముందు డీకన్, తర్వాత ప్రెస్బిటర్. బాప్తిస్మం, ప్రభు భోజనం, పెళ్లి ఆయన చేతుల మీదుగానే జరగాలి. కొన్నేళ్లకోసారి బదిలీ తప్పదు. ఒక్కరికే రెండు మూడు గుళ్లు అప్పజెప్పడమూ ఉంది.

ఆయన లేని చోట నిలబడేది ఉపదేశి. ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసేది, జబ్బుపడిన వాళ్లను పలకరించేది ఎక్కువగా ఈయనే. వెనకటి రోజుల్లో ఆడవాళ్ల దగ్గరకు బైబిలు స్త్రీ వెళ్లేది. ఇప్పుడు ఆ పని స్త్రీల మైత్రి మీద, అంటే చాలాచోట్ల అయ్యగారి భార్య అమ్మగారి మీద పడింది. ఆమెకు జీతం లేదు, బదిలీ మాత్రం ఉంది! మరి ఆడమనిషే ప్రెస్బిటర్ అయితే ఏమని పిలవాలి? అమ్మగారంటే అయ్యగారి భార్య అనుకుంటారు. 2013లో నంద్యాల బిషప్‌గా ఎగ్గోని పుష్పలలిత సీఎస్ఐలో తొలి మహిళా బిషప్ అయ్యారు. పిలుపు సంగతి మన భాష ఇంకా తేల్చుకోలేదు.

ఇక కమిటీ. సెక్రటరీ, కోశాధికారి, సభ్యులు. అందరూ ఓట్లతో వచ్చినవాళ్లే. గుడి ఎన్నికంటే వార్డు ఎన్నికను మించి పోటీ ఉండే చోట్లూ లేకపోలేదు. పాత ప్రెస్బిటేరియన్ 'పెద్దల' కుర్చీ ఇప్పుడు వీళ్లదే.

గని మూసిన తర్వాత

ఈ కుర్చీ బరువు 2001 ఫిబ్రవరి 28 తర్వాత తెలిసింది. ఆ రోజుతో గనులు మూతపడ్డాయి. 1880లో జాన్ టేలర్ కంపెనీ మొదలుపెట్టిన పని, సర్కారు చేతికొచ్చి, చివరకు బీజీఎంఎల్ పేరుతో ఆగిపోయింది. అయ్యగారి జీతం, గుడి రిపేర్లు, డయాసిస్‌కు కట్టే వాటా అన్నీ సంఘస్థుల చందాలోంచే రావాలి. చందా ఇచ్చే చేతులు మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోతున్నాయి. చీకటితో వెళ్లి చీకటితో వచ్చే మనిషి బుధవారం కూటానికి ఎక్కడ వస్తాడు? లైన్ ఇళ్లలో మిగిలింది ముసలివాళ్లు. రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్‌తో దగ్గుతున్న మాజీ కార్మికుల ఇంటికి వెళ్లడానికి వేదాంత పట్టా అక్కర్లేదు, సాయంత్రం ఖాళీ ఉండాలి. అందుకే రిటైరైన గని మనుషులే ఇప్పుడు అసలు కాపరులు. తమిళ ఆరాధన తర్వాత తెలుగు ఇంటికెళ్లి తెలుగులో నాలుగు మాటలు చెప్పేదీ వాళ్లే.

రిజిస్టర్లు కూడా వాళ్ల కాపలాలోనే ఉంటాయి. బాప్తిస్మం, పెళ్లి, సమాధి. వయసు నిరూపించుకోవాలన్నా, ముత్తాత సమాధి వెదుక్కోవాలన్నా ఆ పుస్తకాలే దిక్కు. చీటీ కావలసినవాళ్లు ముందు సెక్రటరీని కలిస్తే పని తొందరగా అవుతుంది. అయ్యగారు ఆ రోజు ఏ గుడిలో ఉన్నదీ చెప్పగలిగేది కూడా ఆయనే.